వెనక గదిలో అద్దెకున్నావిడ

మన ఇంటి నుంచి
జనవరి

చిన్నమ్మాయికి,

ఇకనుంచి ఉత్తరాలే. ఫోనులో నీతో మాట్లాడడం నా వల్ల కాదు. "కాలు ఎలా ఉంది?" అని నేనడిగితే "పాలు విరగలేదు వదినా, బాగానే ఉన్నాయి" అన్నావు. పక్కింటావిడ విని రెండు రోజులు నవ్వింది. చెవికి మిషను పెట్టించుకోమంటే పెట్టించుకోవు. పైగా నేను ఇటు అరిస్తే వీధంతా వినేస్తోంది. కట్టు విప్పేదాకా మెట్లు దిగకు. కింద బేకరీ అబ్బాయిలు పైకి రొట్టె తెచ్చిస్తున్నారు కదా, అది చాలు.

ఒక సంగతి చెప్పాలి. వెనక గది అద్దెకిచ్చాను. కోపం తెచ్చుకోకు. మీ అన్నయ్య ఉన్నన్నాళ్లూ ఆ గదిలో ఎవర్నీ దింపనివ్వలేదు. చెమ్మ అనేవారు. సున్నం వేయించడానికి వచ్చిన మేస్త్రీ గోడంతా తడిమి చూసి "చెమ్మేం లేదమ్మా, ఎండుకొబ్బరిలా ఉంది" అన్నాడు. ఇంత ఇంట్లో నేనూ నా కుట్టుమిషనూ తప్ప ఇంకో అలికిడి లేదు. స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటూ ఎన్ని నిక్కర్లతోనని మాట్లాడతాను?

వచ్చినావిడ నర్సు. ఎక్కడో దూరంగా పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరైందట. ఒక్కతే. వయసు నీ ఈడే ఉంటుంది. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట, ఒక కిరసనాయిలు స్టవ్వు, అంతే సామాను. గది చూపిద్దామని తీసుకెళ్తే, ఆ తలుపు నీకు తెలుసుగా, ఉబ్బిపోయి నాకే ఓ పట్టాన రాదు, ఆవిడ గొళ్లెం పట్టుకుని కాస్త పైకెత్తి మోకాలితో ఒక్క తోపు తోసింది. తలుపు కిక్కురుమనకుండా తెరుచుకుంది. "మీకు తలుపుల విద్య కూడా వచ్చే!" అన్నాను. "ఆసుపత్రి తలుపులన్నీ ఇంతేనండీ" అంది.

మాట తక్కువ, మంచిది. నిన్న కాఫీ తాగుతూ "ఈ ఇల్లు మీకంటే ముందు ఎవరిదండీ?" అని అడిగింది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాక మామయ్యగారి ప్రెస్సు చప్పుడు తప్ప ఇంకేమీ విన్నదాన్ని కాదు. పాత సంగతులు నీకు బాగా తెలుసు. తీరిగ్గా మంచం మీదే ఉన్నావు కదా, రాసి పంపు. ఆవిడకు చదివి వినిపిస్తాను.

నీ వదిన


బేకరీ మేడ మీద నుంచి
జనవరి చివర

వదినా,

కోపమెందుకు? గది నీ ఇష్టం. నా కాలు ఇంకా సిమెంటు దిమ్మలాగే ఉంది. ముప్పై ఏళ్లు రైల్వే టికెట్ల కిటికీ వెనక కూచున్నదాన్ని, కూచోవడం నాకేం కొత్త కాదు. కాకపోతే అప్పుడు ఎదురుగా జనం తిట్టేవాళ్లు, ఇప్పుడు తిట్టడానికి కూడా ఎవరూ లేరు.

ఇంటి కథ అడిగావు. విను. ఆ ఇల్లు కట్టించింది ఒక కలప అడితి యజమాని. ఊళ్లో అందరూ అడితాయన అనేవాళ్లట. తాటిచెట్టంత మనిషి. అడితికి వచ్చిన కలపలో మేలైన దుంగల్ని అమ్మకుండా దాచుకుని, ఆ ఇంటికి వాడుకున్నాడు. తలుపులన్నీ తన ఎత్తుకి సరిపోయేలా చేయించాడు. గొళ్లేలూ అంతే. పాపం ఆయన భార్య పొట్టిది. ప్రతి తలుపు దగ్గరా ఒక ముక్కాలిపీట పెట్టుకుని, ఎక్కి గొళ్లెం వేసుకునేదట. ఓ రోజు ఆవిడ పీట మీద నుంచి పడి "ఈ ఇంట్లో ఉంటానో, నిచ్చెన మీద ఉంటానో తేల్చండి" అని పుట్టింటికెళ్లిపోయింది. అడితాయన మర్నాడే వడ్రంగిని పిలిచి గొళ్లేలన్నీ కిందికి దింపించాడు. మన తలుపులకి రెండేసి చోట్ల చిల్లులెందుకున్నాయో ఇప్పుడర్థమైందా?

తర్వాత ఒక ఏడాది నది పొంగి అడితి మొత్తం కొట్టుకుపోయింది. మేడ మీద నుంచుని, నీళ్లలో పోతున్న దుంగల్ని "అది టేకు, అది మద్ది, అది నేను బేరమాడి తెచ్చింది" అని ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి చెప్పాడట. ఏడవలేదట. ఆ ఏడే ఇల్లు అమ్మేసి వెళ్లిపోయాడు. ఇదంతా నాకు చెప్పింది ఎదురింటి ముసలావిడ. ఆవిడ చెబుతుంటే నది మన వాకిట్లోకి వచ్చినట్టే ఉండేది.

ఆయన తర్వాత ఒక ఫిడేలు మాస్టారు కొన్నాళ్లున్నాడు. ఆయన దగ్గర నాన్న కొన్నాడు. తర్వాతదంతా నీకు తెలిసిందే.

మీ నర్సమ్మకి ఇది చాలనుకుంటాను. ఆసుపత్రి కబుర్లు ఏమైనా ఉంటే బదులుగా రాయించు. నా కాలికి మందేమైనా తెలుసేమో కనుక్కో.

చిన్నమ్మాయి


మన ఇంటి నుంచి
ఫిబ్రవరి

చిన్నమ్మాయికి,

నీ ఉత్తరం వెనక వసారాలో కూచుని చదివి వినిపించాను. అడితాయన భార్య పీటల దగ్గర నర్సమ్మ కళ్లు తుడుచుకుని మరీ నవ్వింది. దుంగల దగ్గర మాత్రం నవ్వలేదు. "అన్నీ గుర్తుపట్టాడా!" అంది. ఫిడేలు మాస్టారి దగ్గరికి వచ్చేసరికి కాస్త ముందుకు వంగి వింది. నేను చదివేశాను.

"అంతేనా?" అంది.

"అంతేనండీ. తర్వాత మా మామగారి కాలం."

"ఆయన గురించి ఇంకేం రాయలేదా?"

"లేదండీ. పెద్దగా చెప్పుకోవలసిందేం లేదేమో."

ఆవిడ గ్లాసు తీసుకుని కడిగి బోర్లించి లోపలికెళ్లిపోయింది. సంగీతమంటే ఇష్టమేమో, పాపం. నీకేమైనా గుర్తుంటే ఈసారి రెండు ముక్కలు రాయి.

ఆవిడ వచ్చాక ఇల్లు ఇల్లులా ఉంది చిన్నమ్మాయ్. నేను కత్తిరిస్తుంటే పక్కన కూచుని గుండీలు కుడుతుంది. చేతి కుట్టు ఎంత సన్నమో! "గాయాలు కుట్టిన చెయ్యండీ, చొక్కా ఒక లెక్కా?" అంటుంది. పొద్దున్న తన స్టవ్వు మీద కాఫీ, సాయంత్రం నా పొయ్యి మీద కాఫీ. మీ అన్నయ్య పోయాక మొన్ననే మొదటిసారి కూర ఇద్దరికి సరిపడా వండాను. అలవాటు తప్పి ఉప్పు ఎక్కువేశాను. మాట్లాడకుండా తినేసింది.

ఒక తమాషా. మొన్న అకాలపు వాన పడింది. వెనక వసారా చుట్టూ నీళ్లు నిలిచాయి. ఆవిడ గుమ్మంలో నుంచుని "ఓడ కదిలింది" అంది. "ఏ ఓడండీ?" అంటే వసారా చూపించింది. అప్పట్నుంచి వసారాని ఓడ అనే అంటుంది. "ఓడలో గుడ్డలు ఆరేశాను", "ఓడ తుడిచాను" అని. "మీ ఆడపడుచుగారికి రాయండి, నవ్వుతారు" అంది. అందుకే రాస్తున్నాను.

నువ్వెప్పుడొస్తావని రెండుసార్లు అడిగింది. ఇల్లు ఎవరి పేరున ఉందనీ అడిగింది. సగం నాది, సగం మా ఆడపడుచుది అని చెప్పాను. "అయితే వస్తారులెండి" అంది.

కట్టు విప్పగానే వచ్చెయ్యి. ముగ్గురం కూచుంటే పొద్దే తెలియదు.

నీ వదిన


బేకరీ మేడ మీద నుంచి
ఫిబ్రవరి

వదినా,

నీ ఉత్తరం అందింది.

ఆవిణ్ణి ఖాళీ చెయ్యమని చెప్పు. అన్నయ్య ఆ గది ఎవరికీ ఇవ్వనివ్వలేదంటే ఏదో కారణం ఉండే ఉంటుంది. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి ఇల్లు ఎవరి పేరున ఉందని అడుగుతుంటే నీకు అనుమానం రాలేదా? ఇవాళ అద్దెకని దిగుతారు, రేపు కదలమంటే కదలరు. కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక నీకుందా, నాకుందా?

నాకు రాయాలనిపించింది రాశాను. ఆలస్యం చెయ్యకు.

చిన్నమ్మాయి


మన ఇంటి నుంచి
మార్చి మొదట్లో

చిన్నమ్మాయికి,

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. చేతిరాత నీదే, మాట నీది కాదు. కాలు నొప్పెక్కువై విసుగులో రాశావేమో అనుకున్నాను.

ఆవిడ ఇల్లు కాజేసే మనిషి కాదు. కదలమంటే కదలనంటుందని నువ్వు రాశావు, అంతకంటే పద్ధతైన మనిషిని నేను చూడలేదు. బకెట్టు వాడుకున్నా అడిగి వాడుకుంటుంది. నాకు మొన్న జ్వరం వస్తే తడిగుడ్డ మార్చుకుంటూ మంచం పక్కనే కూచుంది. కళ్లు తెరిచి చూస్తే ఆ చెయ్యి నుదుటి మీదుంది. మా అమ్మ పోయాక నా నుదుటి మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఇల్లు ఎవరి పేరునుందని అడగడం తప్పా? అద్దెకున్నవాళ్లు అడగరూ? నీకు ఇంకేదైనా మనసులో ఉంటే చెప్పు. ఊరికే పొమ్మనమంటే ఎలా? నా నోరెలా వస్తుంది?

నీ వదిన


బేకరీ మేడ మీద నుంచి
మార్చి

వదినా,

ఆ ఇంట్లో సగం నాది. ఇన్నేళ్లలో ఆ మాట నేనెప్పుడూ నీ దగ్గర ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాను.

ఈ నెలాఖరుకి గది ఖాళీ అవ్వాలి.

చిన్నమ్మాయి


మన ఇంటి నుంచి
మార్చి చివర

చిన్నమ్మాయికి,

నీ మాట నెగ్గింది. గది ఖాళీ అయింది.

ఎలా చెప్పాలో తెలియక నాలుగు రోజులు నాన్చాను. చివరికి గుండీలు కుడుతుండగా, ఆవిడ మొహం చూడకుండా, మిషను తొక్కుతూనే చెప్పాను. "గది మాకు అవసరం పడిందండీ. ఏమీ అనుకోకండి."

ఆవిడ సూది ఆగింది. "మీ ఆడపడుచుగారు రాశారా?"

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. "అవునండీ" అన్నాను.

"ఓడ సంగతి రాశారా మీరు?"

"రాశాను."

"అయితే తెలిసిందన్నమాట" అంది. నవ్వింది కూడా. అలాంటి నవ్వు నేను చావు ఇళ్లలో చూశాను. చేతిలో ఉన్న చొక్కాకి మిగిలిన గుండీలు కుట్టి, దారం పంటితో తెంపి, మడతపెట్టి నా చేతికిచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆటో వచ్చింది. గది తుడిచి, చీపురు మూల నిలబెట్టి, తాళంచెవి నా అరచేతిలో పెట్టింది. నేను "ఎక్కడికెళ్తారు?" అంటే "ఆసుపత్రుల దగ్గర నాకు చోటు దొరకకపోదులెండి" అంది. మెట్టు దిగుతూ ఒకసారి వెనక్కి చూసింది. నన్ను కాదు, ఇంటిని. కింది నుంచి పైదాకా చూసింది.

ఏం తెలిసింది చిన్నమ్మాయ్? ఆవిడకి నువ్వేమవుతావు? నాతో ఆ పని చేయించావు కాబట్టి అడిగే హక్కు నాకుంది. నాది కూడా సగమే అయినా.

వదిన


బేకరీ మేడ మీద నుంచి
ఏప్రిల్

వదినా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కట్టు విప్పారు. నడుస్తున్నాను. ఇక వంక లేదు, రాస్తున్నాను.

ఆ గదికి చెమ్మ ఎప్పుడూ లేదు.

ఫిడేలు మాస్టారు కొన్నాళ్లున్నాడని ఒక్క ముక్కలో రాశాను. ఆయన ఆ ఇంట్లో పదేళ్లకి పైగా ఉన్నాడు. ముందు హాల్లో, ఇప్పుడు నీ మిషను ఉన్నచోట, చాప పరిచి పిల్లలకి పాఠం చెప్పేవాడు. వీధిలో పోయేవాళ్లు సైకిలు దిగి కాసేపు విని వెళ్లేవాళ్లట. అడితాయన కలప మహిమో ఏమో, ఆ హాల్లో ఫిడేలు వాయిస్తే గోడలే పాడినట్టుండేదని ఎదురింటి ముసలావిడ చెప్పేది. తర్వాత మాస్టారి ఎడమచేతి వేళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. తీగ మీద వేలు నిలవదు. పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. అప్పుడు నాన్న ఇల్లు కొన్నాడు. నాకు అప్పుడు ఏడెనిమిదేళ్లు. అన్నయ్య నాకంటే బాగా పెద్ద.

కొన్నరోజు నాన్న అందరి ముందూ అన్నాడు, "ఇల్లు ఎక్కడికీ పోదు మాస్టారూ. మీ చెయ్యి బాగయ్యాక వచ్చి అడగండి. ఇదే ధరకి మీ ఇల్లు మీకే." మాస్టారు దణ్ణం పెట్టాడు. మరో చోటు చూసుకునేదాకా వాళ్లు వెనక గదిలోనే ఉన్నారు. రెండు వానాకాలాలు. మాస్టారు, ఆయన భార్య, వాళ్లమ్మాయి.

ఆ అమ్మాయీ నేనూ ఒక కంచంలో తిన్నాం, ఒక దుప్పట్లో పడుకున్నాం. వాన పడితే వెనక వసారా మా ఓడ. ఆ మాట మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు, అన్నయ్యకి కూడా. అది ఓడని నడిపేది, నేను దిగేవాళ్లకి టికెట్లిచ్చేదాన్ని. నా బతుకంతా అదే పనిలో గడుస్తుందని అప్పుడు తెలియదు.

వాళ్లు వెళ్లిపోయారు. మాస్టారు మేనమామ ఊళ్లో ఫిడేళ్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. కొన్నేళ్లకి చెయ్యి కుదుటపడలేదు గాని బతుకు కుదుటపడింది. ఒకరోజు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు, ఇల్లడగడానికి. అప్పటికి నాన్న హాల్లో ప్రెస్సు పెట్టేశాడు. మాస్టార్ని కూచోమనలేదు. ఆయన వాకిట్లోనే నిలబడి "మీరు మాటిచ్చారు కదండీ" అన్నాడు. నాన్న చేతికంటిన సిరా తుడుచుకుంటూ "మాటకేముంది మాస్టారూ, ఆ రోజు మీ మనసు నిమ్మళించాలని అన్నాను. ఎవరైనా అంతే కదా" అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు. మాస్టారు లోపల తిరుగుతున్న యంత్రాన్ని కాసేపు చూసి, సరేనండీ అని వెనక్కి తిరిగాడు.

నేను గేటు దాకా పరిగెత్తాను. అది నా చెయ్యి పట్టుకుంది. నాన్న లోపల్నుంచి కేకేశాడు. "ఒసే, ఓడ జాగ్రత్తే" అని చెయ్యి వదిలింది. అదే చివరిసారి చూడడం.

అన్నయ్య ఆ పూట అన్నం తినలేదు. నాన్నతో చాలా రోజులు మాట్లాడలేదు. నాన్న పోయాక వాళ్ల కోసం ఆ ఊరు వెళ్లాడు. మాస్టారు లేడు, భార్యా లేదు, కూతురు ఎక్కడో నర్సుగా చేరిందన్నారు. తిరిగొచ్చి వెనక గదికి తాళం పెట్టాడు. చెమ్మ అని నీకు చెప్పుకున్నాడు. తన తండ్రి గురించి కట్టుకున్న భార్యకి ఏం చెప్పుకుంటాడు?

నీ ఉత్తరంలో ఓడ అన్న మాట చూడగానే వచ్చింది అదేనని తెలిసిపోయింది. ఇల్లు ఎవరి పేరున ఉందని అడిగిందని కూడా రాశావు. ఇన్నేళ్లకి అడగడానికి వచ్చిందనుకున్నాను. నాకంటూ ఉన్నది ఈ బేకరీ మీద రెండు గదులు, అక్కడ ఆ సగం. ఆ సగం ఉంది కాబట్టే నాకింకా పుట్టిల్లుందని అనుకుంటున్నాను. అది పోతుందేమోనని భయపడ్డాను. అంతకంటే ఎక్కువ, నా ఎదురుగా నుంచుని అడిగితే నాన్న తరఫున ఏం చెప్పాలో తెలియక భయపడ్డాను. నాన్న చేసింది తప్పేనని నాకు తెలుసు. తెలిసినా ఆయన నాన్నే కదా వదినా.

చిన్నమ్మాయి


మన ఇంటి నుంచి
ఏప్రిల్

చిన్నమ్మాయికి,

ఈ ఉత్తరం మొదటే రాసి ఉంటే ఎంత బాగుండేది! నేనేమైనా పరాయిదాన్నా? మామయ్యగారు ఎలాంటివారో నాకు తెలియదనుకున్నావా? ఆయన చేతికింద పాతికేళ్లు కాపురం చేశాను.

సరే, ఇప్పుడు నేను చెప్పేది విను. నీకు బాధగానే ఉంటుంది, అయినా విను.

ఇస్త్రీ బండి అతన్ని అడిగితే తెలిసింది, ఆవిడ ఈ ఊళ్లోనే ఉంది. పెద్దాసుపత్రి వెనక ఆయాలు, నర్సులు ఉండే వరస గదుల్లో ఒకటి తీసుకుంది. కిటికీ తెరిస్తే ఎదురుగా ఆసుపత్రి దుప్పట్లు ఆరేసే దండేలు. నేను వెళ్లాను. ఏమీ జరగనట్టే కూచోబెట్టి కాఫీ ఇచ్చింది. "మీరు ఫిడేలు మాస్టారి అమ్మాయట కదా, మొదటే ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను.

ముందు నా ఖాళీ గ్లాసు అందుకుని పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. "చెబుదామనే వచ్చానండీ. రిటైరయ్యాక ఎక్కడుండాలా అనుకుంటే, నేను పుట్టిన గది తప్ప ఇంకేదీ గుర్తు రాలేదు. అద్దె బోర్డు చూసి దిగిపోయాను. మీకు అలవాటయ్యాక మెల్లగా చెబుదామనుకున్నాను. కానీ మీరు ఆ ఉత్తరం చదివారు. మా నాన్న గురించి ఒక్క ముక్క. కొన్నాళ్లున్నాడు, అంతే. అది విన్నాక నేను ఫలానా అని చెప్పుకోబుద్ధి కాలేదు. తనే గుర్తుపడితే బాగుండుననిపించింది. అందుకే ఓడ అన్నాను. మీరు రాస్తారని, తను చదివి పరిగెత్తుకొస్తుందని."

"మరి ఇల్లు ఎవరి పేరున ఉందని అడిగారెందుకు?"

"తన పేరున కూడా ఉంటే ఎప్పటికైనా ఈ ఊరు వస్తుంది కదా అని."

అంతే చిన్నమ్మాయ్. ఆవిడ వచ్చింది ఇంటి కోసం కాదు. నీకు కబురు పంపింది. నువ్వు జవాబుగా గది ఖాళీ చెయ్యమన్నావు. ఆ జవాబు మోసింది నేను.

వచ్చి కలువు. కాలు బాగైందిగా.

నీ వదిన


బేకరీ మేడ మీద నుంచి
మే

వదినా,

ఊరు వచ్చాను. మనింటికి రాలేదు. నీకు ఎవరో చెప్పే ఉంటారు. బస్సు దిగి తిన్నగా ఆసుపత్రి వెనక్కి వెళ్లాను, సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేశాను. నీ మొహం చూసే ధైర్యం మిగల్లేదు.

దారిపొడుగునా ఏమనాలో అనుకుంటూ వెళ్లాను. తలుపు తెరిచిన మనిషిని చూస్తే జుట్టంతా తెలుపు, కళ్లజోడు. నేను దాన్ని ఆ చిన్నప్పటి మొహంతో తప్ప ఇంకెలాగూ ఊహించుకోలేదు. కళ్లు మాత్రం అవే.

"రండి, లోపలికి రండి. కాలు జాగ్రత్త, గడప ఎత్తుగా ఉంటుంది" అంది.

కుర్చీ వేసింది. తను మంచం మీద కూచుంది. కాలి గురించి అడిగింది. ఎక్కడ విరిగింది, ఎన్నాళ్లు కట్టుంచారు, వంచితే నొప్పుందా అని. వంగి మడమ పట్టుకుని చూసి "బాగా అతికిందండీ" అంది. ఆ చెయ్యి తగిలేసరికి నేను ఏడ్చేశాను. అది నీళ్లు తెచ్చిచ్చింది. నేను తాగేదాకా ఆగి గ్లాసు అందుకుంది. చెవి వినపడదని నువ్వు చెప్పావేమో, నా కుడివైపు వచ్చి కూచుని మెల్లగా, విడివిడిగా మాట్లాడింది. ఇన్నాళ్లలో నాకు ప్రతి మాటా వినబడింది అప్పుడే.

"నా సగం నీకు రాసిచ్చేస్తాను. మా నాన్న ఇచ్చిన మాట నేను చెల్లిస్తాను. వదిన కాదనదు" అన్నాను.

"వద్దండీ" అంది. "అడిగింది మా నాన్న. ఆయన బతికుండగా ఇచ్చుంటే ఆ హాల్లో కూచుని, వాయించలేకపోయినా వినేవాడు. నాకిప్పుడు అంత ఇల్లెందుకు? ఊడ్చుకోలేను కూడా."

"పోనీ గదిలోకి వచ్చెయ్. ఎప్పటికీ ఉండు. ఎవరూ ఏమీ అనరు."

"అద్దెకిస్తే ఉన్నాను. జాలిపడి ఇస్తే ఉండలేనండీ. ఏమీ అనుకోకండి."

ప్రతి మాటకీ అండీ. ప్రతి మాటకీ మీరు. కసితో అనడం లేదు వదినా, కసి ఉంటే నాకు తెలిసేది. కొత్తవాళ్లతో ఎలా మాట్లాడుతుందో అలా మాట్లాడుతోంది. నేను నువ్వు, నువ్వు అంటూనే ఉన్నాను, అది మీరు, మీరు అంటూనే ఉంది. ఇక ఉండబట్టలేక "నన్ను ఒసే అనేదానివి, గుర్తుందా?" అన్నాను.

"గుర్తుందండీ" అంది.

గుర్తుందని చెప్పింది గాని, పిలవలేదు.

బస్టాండు దాకా వచ్చి ఎక్కించింది. కిటికీ పక్క సీటు చూసి "ఇక్కడ కూచోండి, కాలు చాపుకోవచ్చు" అంది. బస్సు కదిలాక కూడా నుంచునే ఉంది. నేను చెయ్యి ఊపాను. అదీ ఊపింది. నయమై ఇంటికెళ్లే రోగులకి నర్సులు ఊపుతారే, అలా.

నా సగం ఏం చేస్తావో నీ ఇష్టం. నాకు వద్దు.

చిన్నమ్మాయి


మన ఇంటి నుంచి
ఆగస్టు

చిన్నమ్మాయికి,

ఊరొచ్చి ఇంటికి రాకుండా పోయావు. అది నేను మర్చిపోను, బతికున్నంతకాలం దెప్పుతాను. నీ సగం నాకెందుకు? నీదే. దాన్ని ఏం చెయ్యాలో నేను పోయాక తేల్చుకో. అంతదాకా నీ పుట్టిల్లు ఇదే.

నువ్వు అడగలేదు గాని, ఆవిడ సంగతి చెబుతాను. నేను వారం వారం వెళ్తున్నాను. మొదట్లో ఆవిడకి ఇబ్బందిగానే ఉండేది. నేను గుండీల సంచీ పట్టుకెళ్లి మంచం మీద కుమ్మరించేదాన్ని. పని కనిపిస్తే నర్సులు ఊరుకోలేరు. ఇద్దరం కుట్టుకుంటూ మాట్లాడుకునేవాళ్లం. ఓసారి మాస్టారి గురించి చెప్పమన్నాను. చెప్పింది. ఆయన పాఠం చెప్పేటప్పుడు తప్పు వాయించిన పిల్లల్ని తిట్టేవాడు కాదట, కళ్లు మూసుకునేవాడట. పిల్లలకి అదే పెద్ద దెబ్బ. చివర్లో చేతిలో ఫిడేలు లేకపోయినా దుప్పటి మీద వేళ్లు ఆడించేవాడట. ఆ వేళ్లు ఏం వాయిస్తున్నాయో ఆవిడకి తెలిసిపోయేదట.

పోయిన నెల మనింటికి తీసుకొచ్చాను. హాల్లో మిషను పక్కకి జరిపించి కాసేపు నిలబడింది. వెనక గది తాళం తీస్తానంటే వద్దంది. వసారాలో కూచుని కాఫీ తాగి, పొద్దుండగానే వెళ్లిపోయింది. మళ్లీ రెండుసార్లు వచ్చింది. గదిలోకి మాత్రం వెళ్లలేదు. నేనూ బలవంతపెట్టలేదు. ఆ గది ఎవరికీ ఇవ్వను. మీ అన్నయ్య ఎందుకు తాళం వేశారో తెలిశాక, తీసి ఇంకొకర్ని దింపడానికి నాకు చేతులు రావు.

వచ్చే నెల ఆవిడ అన్నగారి కొడుకు వరసయ్యే అబ్బాయి దగ్గరికి వెళ్లిపోతోంది. అతనికి చిన్న పిల్లలున్నారట, చూసుకునే మనిషి కావాలట. "మళ్లీ డ్యూటీ పడింది" అని నవ్వింది. ఆ ఊరికి నీ ఊరి మీదుగానే బస్సు వెళ్తుంది. నీ దగ్గర ఒక పూట ఆగమని చెప్పాను. చూద్దాంలెండి అంది.

ఇంకో సంగతి ఉంది. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. దాచినందుకే మన ఇంట్లో ఇంత జరిగింది కాబట్టి రాస్తున్నాను.

నిన్న వసారాలో కాఫీ ఇస్తూ చెయ్యి జారి గ్లాసు వదిలేశాను. కాఫీ అంతా ఒలికింది. ఆవిడ చటుక్కున నా చెయ్యి పట్టుకుని, కాలిందేమోనని తిప్పి చూస్తూ, "ఒసే, చూసుకోవద్దూ!" అంది.

అనేశాక తను గమనించలేదు. గమనించింది నేనే.

ఆ పిలుపు నాది కాదు చిన్నమ్మాయ్.

నీ వదిన